కాఁక తెలిపిన గురువునకు కృతజ్ఞత

(ఉక్కునగరమున జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు, బోధనమునుండి విరమించుచున్న గురువుగారి సన్మానసమయమునఁ జేసిన ఉపన్యాసము)



గురువుగారినిగూర్చి నాలుగు మాటలు చెప్పుమని ఆహ్వానసంఘమువారు న న్నాజ్ఞాపించిరి. వారి యాజ్ఞను శిరసావహించితిని. కాని యీ పనికి నేనెంతవఱకుఁ దగినవాఁడనో ముందుగా మీకు విన్నవించుకొనుట నా విధి. మన వృత్తిమర్మములను తెలుఁగున అచ్చువేయించుట కూడదనియు, మన కులమువారు గానివారికి కొలిమిపని నేర్పుట అంతకంటెను కూడదనియు, ఇట్టి సభలోనే ఒకప్పుడు లేచి గట్టిగా వాదించినవాఁడను నేను. ఆనాఁడు నా మాటలకుఁ జప్పట్లు కొట్టినవారు కొందఱు నేఁడును నా యెదుటఁ గూర్చుండియున్నారు. ఆ వాదమును వెనుకకుఁ దీసికొనుటకు ఇంతకంటె మంచి సమయము నాకు దొరకదు.

గురువుగారి పేరు ఈ సంచికలో అచ్చువేయవలదని వారే కోరియున్నారు. వారి చిన్నపుస్తకములను కొన్నవారికి ఈ సంగతి వింతగా నుండదు. ఆ పుస్తకముల అట్టలమీఁద ‘వ్రాసినవాఁడు: ఒక కమ్మరి’ అని తప్ప వేఱొక మాట లేదు. కావున నేనును వారిని గురువుగారనియే పిలిచెదను. అనకాపల్లి ప్రాంతమున చెఱకు నఱకు కత్తులును, నాగలికఱ్ఱులును సాఁగఁగొట్టు ఇంటఁ బుట్టి, ఇక్కడి ఉక్కుకర్మాగారమున గోదావరి యను పేరుగల మొదటి పెద్దకొలిమి వెలిఁగిన 1990 వ సంవత్సరప్రాంతమున మరమ్మతుశాలలోఁ బనికిఁ జేరి, పదవీవిరమణానంతరము గాజువాకలో ఒక రేకులసాల అద్దెకుఁ దీసికొని, ప్రతి యాదివారమును రుసుము లేక పాఠము చెప్పిన మహనీయులు వీరు. ఆ సాలలో మన పిల్లలతోపాటు, ఆటోనగరున లారీ కమానులు కట్టు మహమ్మదీయ యువకులును, వెల్డింగు చేయు ఇతర కులములవారును, ఇద్దఱు ఆఁడపిల్లలును ఒకే దాగలి చుట్టు నిలువఁబడి నేర్చుకొనిరి. మాకు కోపము వచ్చిన దిందులకే.

మా వాదము పూర్తిగాఁ దెలివిమాలిన దని నేననను. మనువు, మయుఁడు, త్వష్ట, శిల్పి, విశ్వజ్ఞుఁడు అని యైదు వంశములుగా మనము చెప్పుకొను పంచవృత్తులలో ఇనుపపనివానికి భూమి లేదు, వ్యాపారము లేదు. చేతిలోని పదనే ఆస్తి. ఆ యాస్తిని పది రూపాయల పుస్తకముగా బజారున అమ్మినచో మన పిల్లలు ఏమి తిని బ్రతుకవలెనని అడిగితిమి. గురువుగారు ఆనాఁడు వాదింపలేదు. శ్రీ పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామివారు తమ విద్యకుఁ దగిన శిష్యునిగా దూదేకుల సిద్దయ్యను ఎంచుకొనినప్పుడు కందిమల్లయపల్లెలో మనవంటివారు ఏమని యుందురో అని మాత్రము పలికి కూర్చుండిరి. స్వామివారి పటము వేదికమీఁదనే యున్నందున మాలో నెవ్వరికిని జవాబు దొరకలేదు. కాని జవాబు దొరకకుండుట వేఱు, మనస్సు మాఱుట వేఱు. నా మనస్సు మాఱుటకు ఒక మనుష్యుని కన్ను పోవలసివచ్చినది.

ఆ కథ సొంత దోషము గనుక ఉన్నదున్నట్లు చెప్పెదను. మా తాతగారు రాళ్లు కొట్టువారికి శానములు చేయుటలో పేరుపొందినవారు. వారు శానమును కాల్చి, మొనను మాత్రము రెండంగుళములు నీళ్లలో ముంచి, తీసి, దాగలిమీఁద రాతితో ఒక్కమాఱు రుద్ది, కన్నార్పక చూచుచు కాళికాంబ నామమును పదునొకండు మాఱులు జపించి, పిమ్మట శానమంతయు నీళ్లలో వైచెడివారు. ఆ పదునొకండు నామములే మా యింటి రహస్యము. మా తండ్రిగారు నా చెవిలోఁ జెప్పిరి. నేను నా కుమారుని చెవిలోఁ జెప్పితిని. ప్రాణము పోయినను పరాయివానికిఁ జెప్పమని కూడ అనుకొంటిమి.

కాలము మాఱినది. తోలుతిత్తి పోయి విద్యుత్తు బ్లోయరు వచ్చినది. తుమ్మబొగ్గు పోయి రాక్షసిబొగ్గు వచ్చినది. చీఁకటి పూరిల్లు పోయి, ట్యూబులైటు వెలుఁగు వచ్చినది. పాత ఉక్కు దొరకక లారీ కమానుపట్టీలు కోసి శానములు చేయసాగితిమి. మాఱనిది మంత్ర మొక్కటియే. ఒకనాఁడు పని త్వరలో, ఒక కమానుపట్టీముక్కను మిక్కిలి కాల్చి, నీళ్లలో ముంచి, పదునొకండు నామములు జపించి, చల్లార్చి ఇచ్చితిని. మఱునాఁటి ఉదయము ఆ శానముతో రాయి కొట్టుచున్న పనివాని మొదటి యిరువది దెబ్బలలోనే మొన గాజువలె చిట్లి, ఒక పలుకు అతని యెడమకంటఁ బడెను. వైద్యులు ముక్కను తీసిరి గాని చూపును నిలుపలేకపోయిరి.

ఆ వారమే గురువుగారు పిలువకయే మా యంగడికి వచ్చిరి. నన్ను ఒక్క మాట యనలేదు. విఱిగిన ముక్కను చూపుమనిరి. కిటికీయొద్ద నిలువఁబడి ఆ విఱుపును చూచి, నా చేతి కిచ్చి, ‘ఏమి కనఁబడుచున్నది?’ అని యడిగిరి. పంచదార పలుకులవలె మెఱయుచున్నదంటిని. మంచిపదను పడిన ఉక్కు విఱిగినచో విఱుపు బూడిదవన్నెతో పట్టువలె సన్నముగా నుండవలెననియు, పంచదారవలె మెఱసినచో అతికాఁకచేత లోపలి రేణువులు పెరిగిపోయినవని యర్థమనియు చెప్పిరి. తరువాత నీళ్లతొట్టిని చూపి, లారీ కమానుపట్టీలో బొగ్గుపాలు నూటికి సుమారు అరవంతు గాక, సిలికానో మాంగనీసో క్రోమియమో కలిసియుండుననియు, అవి కలసిన ఉక్కు మెల్లఁగా చల్లారినను గట్టిపడును గనుక దానిని నూనెలో ముంచవలెననియు, నీళ్లలో ముంచినచో పైపొర ముందుగా బిగిసి లోపలిపొర ఆలస్యముగా బిగియుటచేత కంటికిఁ గానరాని పగుళ్లు పుట్టుననియు వివరించిరి.

అప్పుడు మా యింటి మంత్రమునుగూర్చి, ఆ యవమానములో, నేనే చెప్పివేసితిని. వారు నవ్వలేదు. ‘మీ తాతగారు మిక్కిలి గొప్ప పనివారు. ఆయన నోరు జపించుచుండఁగా కన్ను ఏమి చేయుచుండెనో మీ రడుగలేదు’ అనిరి.

సోదరులారా! నలువదియేండ్లు మేము జపమును కాపాడితిమి, చూపును పాఱవైచితిమి. తాతగారు రాతితో రుద్దినది ఏల? మొనమీఁది నల్లనిపొరను తొలఁగించి లోహపు వన్నెను చూచుటకు. మొన నీళ్లలో చల్లారి గాజువలె పెళుసైయుండఁగా, ముంచని వెనుకభాగములో ఇంకను కాఁక యుండును. ఆ వెనుకకాఁక మెల్లఁగా మొనవైపు ప్రాఁకును. ప్రాఁకుచున్నకొలఁది రుద్దినచోట పసుపు, తేనె, నేరేడు, నీలము అను వన్నెలు ఒకదానివెంట నొకటి పరుగెత్తును. కావలసిన వన్నె మొనకుఁ జేరఁగనే మిగిలిన కాఁకను నీళ్లలో చంపవలెను. పెళుసుదనము పోయి, గట్టిదనము నిలుచుట ఆ క్షణమున నున్నది. తాతగారి బొగ్గుకు, తాతగారి యుక్కుకు, ఆ శానపు లావునకు ఆ క్షణము పదునొకండు నామముల దూరముననుండెను. జపము వారికి గడియారము. బొగ్గు మాఱినను, ఉక్కు మాఱినను, లావు మాఱినను గడియారము తప్పును, వన్నె తప్పదు. ఈ మాట మా యింట ఎవరును ఎవరికిని చెప్పలేదు. చెప్పకపోవుట దురుద్దేశముచేతఁ గాదు. చేతికి వచ్చినది నోటికి రాలేదు, అంతియే.

ఇంతకంటె నన్ను క్రుంగఁదీసిన సంగతి వేఱొకటి గలదు. ‘కమానుపట్టీని నీళ్లలో ముంచవలదు’ అను హెచ్చరిక గురువుగారి రెండవ చిన్నపుస్తకములో, ఆ ప్రమాదమునకు రెండేండ్లు ముందే, పెద్దయక్షరములతో అచ్చయియుండెను. ఆ పుస్తకము మా యింట నుండెను. సభలో ఖండించుటకై నేనే కొని తెచ్చి, అట్ట మాత్రము చూచి, అటకమీఁదఁ బడవైచితిని.

ఇఁక వారి పుస్తకముల విషయము. మన యువకులు ఇంగ్లీషు పుస్తకములు చదివి కొలిమియొద్దకు వచ్చినప్పుడు పడు చిక్కు మీరెఱుఁగుదురు. ఉక్కును ‘చెఱ్ఱీపండు వన్నె’ వచ్చువఱకు కాల్చుమని వానిలో నుండును. మన కొలుములవారిలో ఆ పండును చూచినవాఁ డెవఁడు? గురువుగారు ఆ మాటను కొట్టివేసి ‘మాఁగిన దొండపండు వన్నె’ అని వ్రాసిరి. చీఁకటిలో మాత్రమే కానవచ్చు ముదురునెత్తుటి యెఱుపు సుమారు 600 డిగ్రీలు. దొండపండు వన్నె 750 మొదలు 800 వఱకు. నారింజపండు వన్నె 900 దాఁటినది. పసుపు వన్నె 1100 ప్రాంతము. తెల్లనై రవ్వలు రాలినచో ఉక్కు కాలిపోవుచున్నదని యర్థము, దానిని కొలిమియందే వదలివేయుఁడు. ఈ లెక్కలు పాశ్చాత్యగ్రంథములలో నున్నవే. కాని మన యూరి పండ్లతోఁ జెప్పినప్పుడు మన కంటికిఁ బట్టినవి.

అంతటితో నిలువక, అదే ఎఱుపు ఎండలో నల్లఁగాను, చీఁకటిలో తెల్లఁగాను కనఁబడునని ప్రతిపుస్తకమునందును హెచ్చరించిరి. మన పెద్దలు కొలిమియింటి చూరు దింపి, కిటికీ లేక కట్టుట దరిద్రముచేత నని మనము సిగ్గుపడితిమి. అది కాఁకను కొలుచుటకుఁ గట్టిన చీఁకటి. నా ట్యూబులైటు కింద దొండపండుగాఁ గనఁబడినది నిజమునకు నారింజ. ఆ భేదమునకు వెల ఇంతకుముందే చెప్పితిని.

కంటిమీఁద నమ్మకము చాలనివారికి అయస్కాంతపుముక్కను చూపిరి. ఇనుము 770 డిగ్రీల కాఁకకు అయస్కాంతమున కంటుకొనుట మానును. తీఁగకు కట్టిన అయస్కాంతమును ఉక్కునకు సోఁకించి, అంటుకొననిచో మఱికొంచెము కాల్చి ముంచుట సామాన్యమైన బొగ్గుటుక్కునకు చాలును. లౌడుస్పీకరు పాడైనదానిలోనిది ఒకటి ఊడఁదీసికొన్నచో ఖర్చును లేదు.

ఇది యంతయు కంటిచూపు విద్యయే గదా, శాస్త్ర మెక్కడిదని కొందఱు చదువుకొన్న యువకులు పెదవి విఱుతురు. 1868 వ సంవత్సరమున రష్యాదేశమున ఒబుఖోవు కర్మాగారములో ఫిరంగిగొట్టములు పగిలిపోవుచుండఁగా, చెర్నోవు అను పండితుఁడు కాఁకవన్నెలను కంటితోఁ జూచియే, ఉక్కు స్వభావము మాఱు కాఁకలు కొన్ని నిశ్చితముగా నున్నవని కనిపెట్టెను. నేఁటి ఉక్కుశాస్త్రమంతయు ఆ మాటమీఁద నిలిచినది. ఆయన చూచినదే మా తాతగారును చూచిరి. ఆయన వ్రాసెను.

వ్రాయకపోవుటచేత మన జాతి పోఁగొట్టుకొనినది ఒక్క శానపుమొనయే కాదు. నేఁటి తెలంగాణమున నిజామాబాదు సీమలో కోనసముద్రమను గ్రామము గలదు. అచ్చటి మన పూర్వులు మట్టిమూసలలో ఇనుమును కరఁగించి చేసిన ఉక్కుముద్దలు పారసీకదేశమువఱకు పోయి, కత్తులై మెఱసినవి. మన దక్షిణభాషల ఉక్కు శబ్దమే ఐరోపీయుల నోట ‘వూట్జు’ అయినదని పలువురి మతము. వాయిసీ అను ఆంగ్లవైద్యుఁడు అచ్చటికిఁ బోయి చూచి వ్రాసిన వృత్తాంతము, ఆయన మరణానంతరము 1832 లో కలకత్తాలో అచ్చయినది. రెండు తావుల ఇనుమును కలిపి మూసలోఁ బెట్టుటయు, వచ్చిన ముద్దను మట్టి పూసి పండ్రెండు మొదలు పదునాఱు గంటలవఱకు మరల కాల్చి చల్లార్చుటయు, ఆ విధముగా మూఁడు నాలుగు మాఱులు చేయుటయు అందున్నవి. ఆ యుక్కును తమ దేశమునఁ జేయఁబూని పారసీకులు విఫలులైరని కూడ అందుఁ గలదు.

ఆ ముద్దలు ఇంగ్లాండునకుఁ జేరినప్పుడు జరిగినది మఱియు నేర్వఁదగినది. అక్కడి కమ్మరులు తమ యినుమునకువలె దానిని తెల్లఁగా కాల్చి సమ్మెటతోఁ గొట్టఁగా అది పిండివలె రాలిపోయెను. బొగ్గుపాలు నూటికి ఒకటికిఁ బైగా, ఒక్కొక్కచో ఒకటిన్నరకు మించి యుండు ఆ యుక్కును ఎఱ్ఱనికాఁక దాఁటనీయక, ఓపికతో, చిన్నచిన్న దెబ్బలతో సాఁగఁదీయవలెను. ముద్ద పోయినది గాని దాని కాఁక పోలేదు. 1820 ప్రాంతమున, తానును ఒక కమ్మరి కుమారుఁడే యైన మైకేలు ఫారడే మహాశయుఁడు ఆ యుక్కు గుట్టు తెలియవలెనని పరిశోధనలు సలిపి, దారి తప్పి, ఇతర లోహములను కలుపుట యందుఁ బడెను.

రహస్యము దాఁచుటయే ఆ పరిశ్రమను చంపిన దని నేను చెప్పను, అట్లనుట అన్యాయము. విదేశపు చౌక ఇనుము దిగినది, అడవులు ప్రభుత్వము చేతఁ జిక్కి బొగ్గు కఱవైనది, రాజుల సైన్యములు పోఁగా కత్తులు అడుగువారు లేకపోయిరి. కాని చచ్చినదానిని మరల బ్రతికించుకొనవలె నన్నప్పుడు మన చేతిలో మన వ్రాఁత ఒక్క కాగితము లేదు. ఒక పరదేశి వైద్యుఁడు దారినిఁ బోవుచు వ్రాసికొన్న రెండు మూఁడు పుటలే మన కులవిద్యకు సాక్ష్యము. ఫ్రాన్సుదేశమున రియోమ్యూరు అను పండితుఁడు 1722 లోనే ఇనుమును ఉక్కుగా మార్చు విద్యనుగూర్చి పెద్దగ్రంథము ప్రకటించి, ఇట్టి మర్మములను వెల్లడింపవచ్చునా యను ఆక్షేపణకు ఆ గ్రంథమునందే సమాధానము చెప్పుకొనెను. అనఁగా మన సభలో నేను లేవఁదీసిన ఆక్షేపణ నాకుఁ బూర్వము సుమారు మూఁడువందల యేండ్లక్రిందటనే తేలిపోయినది. నాకది తెలియదు.

ఇప్పుడు మన ఊరికి వత్తము. 1966 లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అని ముప్పదిరెండుగురు ప్రాణము లర్పించిన పిమ్మట, 1971 జనవరి 20 వ తేదీన ఇందిరాగాంధీగారిచే శంకుస్థాపనమై, 1992 ఆగస్టు 1 వ తేదీన పి. వి. నరసింహారావుగారిచే జాతికి అంకితమైన ఈ కర్మాగారమును మనలో పెక్కుండ్రు గోడ వెలుపలినుండి చూచి, దానికిని మన చిన్నకొలిమికిని సంబంధము లేదనుకొందుము. కూర్మన్నపాలెము ద్వారమున లోనికిఁ బోయినవారు పొట్ట నింపుకొందురు, వెలుపల నున్నవారు బొగ్గు నూఁదుకొందురు అనునంతే. గురువుగారు ఈ గోడను ఒక్క పాఠముతోఁ బడఁగొట్టిరి. దానిని కొంచెము వివరించెదను, ఏలయన ఇందు మీ యిండ్ల భద్రత యున్నది.

ఇక్కడ తయారగు టి.ఎం.టి. కడ్డీ చివరి రోలర్లనుండి వెలువడునప్పుడు సుమారు వేయి డిగ్రీల కాఁకతో నుండును. వెంటనే దానిని మిక్కిలి వడిగల నీటిగొట్టములలోనుండి దూర్చుదురు. పైపొర రెప్పపాటున చల్లారి గట్టిపడును. నడిమి గుజ్జు ఎఱ్ఱఁగనే యుండును. నీటినుండి వెలికివచ్చిన పిదప ఆ లోపలి కాఁక పైకిఁ బ్రాఁకి, పైపొర పెళుసుదనమును తీసివేయును. పైన గట్టి, లోపల మెత్తన. గురువుగారు ఈ సంగతి పలకమీఁద గీచి చూపినప్పుడు నేను నిలువఁబడిపోయితిని. తాతగారి వెనుకకాఁక యిది! ఆయన శానమున పొడవునఁ బ్రాఁకించినదానిని వీరు కడ్డీ నడుమనుండి అంచునకుఁ బ్రాఁకించుచున్నారు. పదునొకండు నామములకు బదులు వీరికి కొలమానయంత్రములున్నవి.

కాఁగా, అట్టి కడ్డీని ఇల్లు కట్టునప్పుడు వంచుట సులభమని కొలిమిలోఁ బెట్టి యెఱ్ఱఁగాఁ గాల్చినచో, నీటిచే వచ్చిన బలమంతయు ఆ చోట పోవును. చూచుటకు కడ్డీ కడ్డీవలెనే యుండును. కప్పు మోయవలసిన చోట మాత్రము మెత్తని యినుము మిగులును. మన కొలుములకు మేస్త్రీలు తెచ్చు పనులలో ఇది యొకటి. నేనును పెక్కుమాఱులు చేసియిచ్చినవాఁడనే. గురువుగారి నాలుగవ పుస్తకము చదివిన తరువాత ఇప్పుడు కడ్డీ కాల్చుమని వచ్చినవానిని త్రిప్పిపంపుచున్నాను. చల్లఁగనే, తగినంత గుండ్రని వంపుతో, యంత్రముపై వంచుకొమ్మని చెప్పుచున్నాను. కూలి పోవుచున్నది. పోనిండు. ఇక్కడ కూర్చున్న కొలిమివారందఱును అట్లే చేయుదు రని ప్రార్థించుచున్నాను.

గురువుగారు బోధనమును మానుటకు కారణము వయస్సు కాదు. డెబ్బదియేండ్లు దాఁటినను వారి చేతిసుత్తి ఇంకను నిక్కముగానే పడును. కారణము కన్ను. ఏండ్లతరబడి మండుచున్న లోహమును, కరఁగిన గాజును చూచువారి కంటికి శుక్లము త్వరగాఁ బట్టునని వైద్యులు ఏనాఁడో గుర్తించిరి. గాజుకర్మాగారపు పనివాండ్ర కోసము కాఁకను అడ్డగించు కండ్లద్దపు గాజును క్రూక్సు అను శాస్త్రజ్ఞుఁడు 1914 నాఁటికే తయారుచేసి చూపెను. నూఱేండ్లు దాఁటినను మన కొలుములలో ఆ యద్దములు పెట్టుకొనువా రెందఱు? చేతులెత్తుఁడని అడుగను, నా చెయ్యి లేవదు.

గురువుగారికి శుక్లము తీసి కటకము వేసిరి. చూపు చక్కఁగా వచ్చినది. కాని మొదటి యాదివారము సాలకు వచ్చి, ఉలికి పదను పెట్టి, వన్నెలు పరుగెత్తుచుండఁగా చూచి, చేయి నిలిపివేసిరి. శుక్లము పట్టిన కన్ను లోకమును పసుపుపచ్చని తెరలోనుండి చూచును. తెర తొలఁగిన వెంటనే నీలము ఎక్కువై, పసుపు తక్కువై కనఁబడును. తాము లేఁతపసుపని చెప్పుచు వచ్చినది ఇప్పుడు తెల్లఁగాఁ దోఁచుచున్నది. అనఁగా ఎన్నియేండ్లనుండి తమ కన్ను మెల్లమెల్లఁగాఁ దప్పుచూచుచు వచ్చినదో, ఆ కంటితోఁ జూచి వ్రాసిన వన్నెలపట్టికలో ఎంత పొరపాటున్నదో అని వారికి గొప్ప సందేహము పుట్టెను.

మనమైతే ఏమి చేయుదుము? ఊరకుందుము. పుస్తకములు అమ్ముడుపోవుచునే యున్నవి; అడుగువాఁ డెవఁడును లేఁడు. వారు మాత్రము ముగ్గురు పడుచుశిష్యులను పిలిచి, విద్యుత్కొలిమియు కాఁకకొలమానమును అద్దెకుఁ దెప్పించి, సానఁబట్టిన ఉక్కుపలకలను 220 డిగ్రీలు మొదలు 310 డిగ్రీలవఱకు పదేసి డిగ్రీలకు ఒకటిగా కాచించి, ఒక్కొక్కదాని వన్నెను ఆ ముగ్గురును వేఱువేఱుగా వ్రాయునట్లు చేసిరి. అందులో ఆ యిద్దఱు ఆఁడపిల్లలలో నొకతె వ్రాసిన వన్నెలు కొలమానమునకు అన్నిటికంటె దగ్గఱగా నున్నవఁట. కాఁచిన సేపును బట్టి కూడ వన్నె ముదురును గనుక అన్నిటిని ఒకే సేపు ఉంచిరి. వడ్రంగి ఉలికిఁ జెప్పిన తేనెవన్నెయు, శానమునకుఁ జెప్పిన నేరేడువన్నెయు సరిగానే యున్నవి. చిత్రికపట్టు సన్నని పనిముట్లకుఁ జెప్పిన లేఁతపసుపు విషయమున మాత్రము ఒక మెట్టు దిద్దవలసివచ్చెను.

ఆ దిద్దుబాటును ఒక పుట తప్పొప్పులపట్టికగా తమ చేతి ఖర్చుతో అచ్చువేయించి, పుస్తకము కొన్నవారి విలాసములు దొరికినంతవఱకు తపాలాలోఁ బంపిరి. నాకును వచ్చినది. ‘ఇంతకాలము నా మాట నమ్మి పనిచేసినవారు క్షమింపవలెను, ఇఁకమీఁద వన్నెలు చూపి నేర్పుటకు నా కంటె మంచి కండ్లున్నవారు ముగ్గు రున్నారు’ అని క్రింద రెండు పంక్తులు. అదే వారి విరమణపత్రము. ఈ మాఱు కాగితమును అటకమీఁదఁ బెట్టలేదు. దాగలి యెదుటి గోడకు అంటించితిని.

పోషకులకు ఒక విన్నపము. గురువుగారి అయిదు చిన్నపుస్తకములును ఇప్పుడు దొరకుట లేదు. దిద్దుబాట్లతో ఒక్క సంపుటముగా వేయింపవలెనని ఆహ్వానసంఘము తలఁచినది. అద్దెకుఁ దెచ్చిన కాఁకకొలమానమును తిరిగి యిచ్చివేసిరి. గాజువాక సాలకు సొంతముగా ఒకటి కొనవలెను. మన జిల్లాలోని కొలుములకు కండ్లద్దములును కావలెను. చందాపుస్తకము ద్వారమునొద్ద నున్నది. మొదటి పంక్తిలో నా పేరు వ్రాసియే లోనికి వచ్చితిని. మొత్తము చూచి నవ్వినను సరే, దానిని మించి వ్రాయుఁడు.

ఇఁక శాలువ. దీనిని కప్పు గౌరవమును అధ్యక్షులవారు నాకు ప్రసాదించిరి. వారి యనుమతితో ఆ గౌరవమును మఱొకరికి ఒప్పగించుచున్నాను. ఆ రాతిపనివాఁడు, నేను చేసిన శానముచేత ఎడమకన్ను కోల్పోయిన నా తమ్మునివంటివాఁడు, మూఁడవ వరుసలోఁ గూర్చుండియున్నాఁడు. ఇప్పుడతనికి శానములు గురువుగారి సాలలోనుండియే పోవుచున్నవి. నాయనా, రమ్ము. మెట్లు రెండున్నవి, చూచుకొని ఎక్కుము.